ఎముకకు పేరు ఎక్కడినుంచి వస్తుంది? – ప్రాచీన సమాధుల్లోని మానవ అవశేషాల గుర్తింపుపై విమర్శ

వ్యాససంగ్రహం:
ప్రాచీన సమాధుల్లోనూ స్తూపాల్లోనూ దొరికిన మానవ అవశేషాలు ఎవరివో నిర్ణయించడంలో పండితులు అనుసరించిన వాదపద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మాసిడోనియా రాజుల సమాధులు, హైదరాబాదు సీసీఎంబీ పరీక్షించిన జార్జియా రాణి కెతెవాన్ అవశేషం, భట్టిప్రోలు, నాగార్జునకొండ ధాతువులు, నంద్యాల జిల్లా జ్వాలాపురం తవ్వకాలు ఇందులో చర్చకు వస్తాయి. ఎముక తనకు అంటగట్టిన పేరును కాదనగలదు గాని తనంత తానుగా పేరు చెప్పలేదని, ఆ పేరు వాదంలోకి ఏ దారిన వచ్చిందో కనిపెట్టడమే విమర్శ చేయవలసిన పని అని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అవశేషాలు, ధాతువు, వెర్గీనా, కెతెవాన్, భట్టిప్రోలు, నాగార్జునకొండ, జ్వాలాపురం.

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా ప్యాపిలికి తూర్పున, బనగానపల్లె సమీపంలో జుర్రేరు లోయ ఉంది. ఆ లోయలోని జ్వాలాపురం వద్ద ఒక రాతి చరియ కింద జరిగిన తవ్వకాల్లో సూక్ష్మ శిలాయుధాలతోపాటు మనిషి కపాలపు ముక్కలు దొరికాయి. అవి ఉన్న పొర సుమారు 20,000 – 12,000 ఏళ్ళ నాటిదని 2009లో వెలువడిన పరిశోధన నిర్ణయించింది. ఆ మనిషి ఎవరని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ కాలపు పేరు ఒక్కటైనా మన దాకా రాలేదు కనుక ఆ ప్రశ్నకు తావే లేదు.

1977 నవంబరులో ఉత్తర గ్రీసులోని వెర్గీనా వద్ద పురావస్తు శాస్త్రజ్ఞుడు మనోలిస్ ఆండ్రోనికోస్ ఒక పెద్ద మట్టిదిబ్బ కింద దొంగల చేతపడని సమాధిని తెరిచినప్పుడు పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. లోపలి గదిలో పాలరాతి తొట్టి, అందులో బంగారు పెట్టె, ఆ పెట్టెలో కాలిన ఎముకలు ఉన్నాయి. వాటిపై శరీరశాస్త్ర పరీక్షలు జరగక మునుపే పేరు సిద్ధమైంది. అవి అలెగ్జాండర్ తండ్రి రెండవ ఫిలిప్పువని ఆండ్రోనికోస్ ప్రతిపాదించాడు.

ఒకచోట ఎముక ఉండి పేరు లేదు. మరొకచోట పేరే ముందు వచ్చి ఎముక కోసం కాచుకుని ఉంది. మన ఆచారంలో అస్థిసంచయనం చేసినవారు పోయినవారి పేరు, గోత్రం చెప్పి అస్థులను నీటిలో కలుపుతారు. కుండలోని ఎముకలు ఫలానావారివని చెప్పేది ఆ ఎముకలు కావు, వాటిని ఏరిన చేతులు. ఏరినవారు పోయి, చెప్పిన నోరు మూగబోయి, రెండు వేల ఏళ్ళు గడిచాక అదే ప్రశ్నను శాస్త్రజ్ఞుడి ముందు పెడితే అతడు ఏ మేరకు జవాబు చెప్పగలడన్నది ఇక్కడి ప్రశ్న.

2. వెర్గీనా: గాయాల జాబితా

రెండవ సమాధిగా పిలుస్తున్న ఆ కట్టడం లోపలి గదిలో ఒక పురుషుడు, ముందు గదిలో ఒక స్త్రీ ఉన్నారు. ఇద్దరి దేహాలనూ దహనం చేసి ఎముకలను బంగారు పెట్టెల్లో ఉంచారు. గోడపైన పేరు లేదు, శాసనం లేదు. వైభవాన్ని బట్టి రాజకుటుంబమని ఒప్పుకున్నా పురుషుడి విషయంలో పోటీ ఇద్దరి మధ్య నిలిచింది. ఒకరు క్రీ.పూ. 336లో హత్యకు గురైన రెండవ ఫిలిప్పు. ఇంకొకరు అతని కొడుకు, క్రీ.పూ. 317లో చంపబడిన మూడవ ఫిలిప్పు అర్హిడయోస్.

రెండవ ఫిలిప్పు గాయాలు ప్రసిద్ధాలు. మెథోనె ముట్టడిలో కుడికన్ను పోయింది, తరువాత మెడ దగ్గరి ఎముక విరిగింది, చేయి, కాలు దెబ్బతిన్నాయి. అతని శత్రువైన డెమాస్తనీస్ తన ప్రసంగంలో వీటిని ఏకరువు పెట్టాడు. పరిశోధకులు ఆ జాబితాను చేతిలో పట్టుకునే ఎముకల దగ్గరికి వెళ్ళారు. 1984లో మస్‌గ్రేవ్, నీవ్, ప్రాగ్ అనే ముగ్గురు కపాలంలో కుడి కంటిగూటి దగ్గర గాయపు గుర్తు చూశామన్నారు, ముఖాన్ని పునర్నిర్మించి చూపారు. 2000లో ఆంటొనిస్ బార్ట్సియోకాస్ అదే కపాలాన్ని పరీక్షించి, ఆ నొక్కు సహజమైనదేనని, మిగిలిన వైకల్యం దహనంవల్ల, ముక్కలను అతికించిన తీరువల్ల ఏర్పడిందని వాదించాడు. ఎముకలు మాంసం పోయి ఎండిన తరువాత కాల్చినవని, కాబట్టి ముందు ఒకచోట పాతిపెట్టి తరువాత తీసి దహనం చేసిన అర్హిడయోస్‌వే అవి కావాలని అతని నిర్ణయం. 2010లో మస్‌గ్రేవ్ బృందం దీనిని ఖండించి, ఆ దేహం మాంసంతో ఉండగానే కాలిందన్నది.

2015లో ఆంటికాస్ దంపతులు అదే సమాధి ఎముకలను విస్తృతంగా పరీక్షించి పురుషుడి చేతిపై గాయాన్ని గుర్తించారు. అదే ఏడాది బార్ట్సియోకాస్ బృందం చూపును పక్కనున్న మొదటి సమాధికి మళ్ళించింది. అక్కడి పురుషుడి మోకాలు బిగుసుకుపోయి ఉందని, కుంటి రాజైన రెండవ ఫిలిప్పు అతడేనని, పక్కనున్న యువతి అతని చివరి భార్య క్లియోపాత్రా అని, శిశువు వారి బిడ్డ అని ప్రతిపాదించింది.

ఈ వాదాల వరుసలో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక బృందానికి కన్ను దొరికింది, ఒకదానికి చేయి, ఒకదానికి కాలు. అందరూ ఒకే జాబితాలోంచి ఏరుకున్నారు. జాబితాలోని గాయాలన్నీ ఉన్న అస్థిపంజరం ఎవరికీ దొరకలేదు. గాయం ఉన్న ఎముక తన యజమాని గాయపడ్డాడని మాత్రమే చెబుతుంది. యుద్ధమే వృత్తిగా బతికిన రాజవంశంలో అది అరుదైన సంగతి కాదు. డెమాస్తనీస్ ప్రసంగం మనకు దక్కకుండా పోయి ఉంటే ఆ నొక్కును నొక్కుగానే వర్ణించి ఉండేవారు.

ఎముక స్థిరంగా మాట్లాడింది కాదని చెప్పిన చోటనే. ముందు గదిలోని స్త్రీ వయస్సు 30–34 మధ్య అని ఆంటికాస్ దంపతులు లెక్కగట్టారు. అర్హిడయోస్ భార్య అడియా యూరిడికె ఇరవై ఏళ్ళు నిండకుండానే చనిపోయింది. ఆ లెక్క సరైనదైతే ఈ స్త్రీ ఆమె కాజాలదు. ఆ స్త్రీ ఎడమకాలు విరిగి పొట్టిబడింది, ఆ గదిలో దొరికిన జంఘాకవచాల జతలో ఎడమది పొట్టిగా ఉంది. ఈ పొందిక బలమైనది. అయితే ఇక్కడినుంచి ఆమె శకరాజు అటెయస్ కూతురని చెప్పడం మరో అడుగు. అటువంటి వివాహాన్ని ప్రాచీన చరిత్రకారులెవరూ స్పష్టంగా నమోదు చేయలేదు. కాదనడంలో ఉన్న పటిష్ఠత అవుననడంలోకి వచ్చేసరికి సడలింది.

మొదటి సమాధి విషయం ఇంకా స్పష్టం. 2025లో మానియాటిస్ బృందం ప్రకటించిన రేడియోకార్బన్ పరీక్షల ప్రకారం ఆ పురుషుడు క్రీ.పూ. 388–356 మధ్య, 25–35 ఏళ్ళ వయస్సులో చనిపోయాడు. ఫిలిప్పు మరణించింది 336లో, నలభై దాటిన తరువాత. శిశువుల ఎముకలేమో రోమన్ల కాలంలో ఎవరో తెచ్చి అక్కడ వేసినవని తేలింది. ఒక రాజు, ఒక రాణి, ఒక పసిబిడ్డ అని అల్లిన కుటుంబకథ ఆ ఒక్క పరీక్షతో విడిపోయింది.

3. హైదరాబాదు ప్రయోగశాల: “బహుశా” అనే మాట

ఈ తర్కం గ్రీసుకే పరిమితం కాదు. తెలుగునేలపైని ప్రయోగశాలే ఇటువంటి వివాదాలకు తీర్పరిగా నిలిచిన సందర్భాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది జార్జియా రాణి కెతెవాన్ ఉదంతం.

తూర్పు జార్జియాలోని కాఖేతి రాజ్యపు రాణి కెతెవాన్. మతం మార్చుకోవడానికి నిరాకరించినందుకు పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ ఆజ్ఞపై 1624లో షిరాజ్‌లో చిత్రహింసలకు గురై మరణించింది. జార్జియా చర్చి ఆమెను పునీతురాలిగా కొలుస్తుంది. అగస్టీనియన్ సన్యాసులు ఆమె అవశేషాలను రహస్యంగా సేకరించారని, వాటిలో కొంత భాగాన్ని గోవాలోని సెయింట్ అగస్టీన్ మఠానికి చేర్చి, ఒక ప్రార్థనామందిరంలోని రెండవ కిటికీ వద్ద రాతిపెట్టెలో ఉంచారని పోర్చుగీసు పత్రాలు చెబుతున్నాయి. మఠం పాడుబడి 1842లో పైకప్పు కూలింది. ఏది రెండవ కిటికీయో తేల్చడానికే ఏళ్ళు పట్టింది. చివరకు 2004లో భారత పురావస్తు శాఖకు ఒక చేతి ఎముక దొరికింది.

హైదరాబాదులోని సీసీఎంబీలో కె. తంగరాజ్ బృందం ఆ ఎముకలోని మైటోకాండ్రియా డీఎన్ఏను పరీక్షించింది. తల్లి నుంచి బిడ్డకు మాత్రమే సంక్రమించే ఆ డీఎన్ఏ యు1బి అనే వర్గానికి చెందిందని తేలింది. పోల్చి చూసిన 22,000 మందికి పైగా భారతీయుల్లో ఆ వర్గం ఒక్కరిలోనూ లేదు. 30 మంది జార్జియన్లలో ఇద్దరిలో కనిపించింది. అక్కడే దొరికిన మరి రెండు ఎముకలు మాత్రం భారతదేశపు మాతృవంశ వర్గాలకు చెందినవి.

2014లో వెలువడిన ఆ పరిశోధనపత్రం శీర్షికలో “బహుశా” అనే అర్థమిచ్చే మాట ఉంది. విమర్శకులు గౌరవించవలసిన మాట అది. డీఎన్ఏ ఇక్కడ చెప్పింది ఆ ఎముక భారతీయ స్త్రీది కాకపోవచ్చునని, జార్జియా పరిసరాలవారిది కావచ్చునని. రాణి తల్లివైపు వారసులెవరితోనూ దాన్ని పోల్చలేదు. ఆ వర్గానికి చెందిన ఏ స్త్రీ ఎముక అయినా అదే ఫలితమిస్తుంది. ఆ స్త్రీలందరిలోంచి కెతెవాన్‌ను వేరుచేసి చూపింది పోర్చుగీసు పత్రం, అందులోని కిటికీ. గోవాలోని ఒక మఠంలో పదిహేడో శతాబ్దపు జార్జియా స్త్రీ చేయి ఉండటానికి మరో కారణం ఊహించడం కష్టమన్నది నిజమే. అందుకే ఈ గుర్తింపు వెర్గీనాలోని అన్ని గుర్తింపులకన్నా బలమైనది. కాని ఆ బలం ఎముకది కాదు, ఎముకా పత్రమూ ఒకదానికొకటి తెలియకుండా ఒకేచోటికి వచ్చి కలవడానిది.

2021 జూలైలో భారత విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ త్బిలిసిలో ఆ అవశేషాన్ని జార్జియాకు అప్పగించారు. వందలాది భక్తులు ఎదురుచూసే పవిత్రావశేషాన్ని “బహుశా మీ రాణిది” అంటూ అందించడం ఏ వేడుకలోనూ కుదరదు. ప్రయోగశాలలో ఉన్న సందేహం విమానం ఎక్కదు. దీన్ని తప్పుపట్టనక్కరలేదు గాని, తరువాతి రచనలు వేడుకను రుజువుగా ఉదహరించినప్పుడు పరిశోధకులు మూలపత్రం శీర్షికను మళ్ళీ చదువుకోవాలి.

ఎముక అవునని కూడా చెప్పగలదని వాదించేవారు ఇంగ్లండు రాజు మూడవ రిచర్డును చూపుతారు. 2012లో లెస్టర్‌లో దొరికిన అస్థిపంజరం అతనిదేనని 2014లో దాదాపు సంపూర్ణ సంభావ్యతతో నిర్ధారించారు. ఈ అభ్యంతరం బరువైనదే. అయితే అక్కడ రాజు సోదరి నుంచి తల్లివైపున తెగకుండా వచ్చిన వంశవృక్షం ఉంది, సజీవులైన వారసులున్నారు, రాజును ఏ మఠంలో పాతిపెట్టారో రాతపూర్వక ఆధారముంది. తండ్రివైపు వరుసలో మాత్రం డీఎన్ఏ కలవలేదు. వంశవృక్షంలో రాసిన తండ్రి ఎక్కడో ఒకచోట తండ్రి కాడని దాని అర్థం. అంతటి గట్టి ఉదాహరణలోనూ ఎముక తన స్వభావం చూపుకొని ఒకచోట కాదంది. వెర్గీనా రెండవ సమాధిలో ఆ అవకాశమూ సన్నగిల్లింది, నిప్పు డీఎన్ఏను మిగల్చడం అరుదు.

కాదనడంలోని ఈ శక్తికి రూపకుండ్ మంచి నిదర్శనం. హిమాలయాల్లో 5,000 మీటర్లకు పైని ఆ సరస్సు ఒడ్డున వందల మంది ఎముకలున్నాయి. నందాదేవి యాత్రకు పరివారంతో వచ్చి దేవి ఆగ్రహానికి గురైన కనౌజ్ రాజు జసధవళుని కథను స్థానికులు వాటికి అన్వయిస్తారు. సీసీఎంబీ భాగస్వామిగా 2019లో ప్రకటించిన అధ్యయనంలో 38 మంది డీఎన్ఏను పరీక్షించారు. 23 మంది దక్షిణాసియావారు, సుమారు క్రీ.శ. 800 నాటివారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతీయులు, సుమారు 1800 నాటివారు. ఒకరు ఆగ్నేయాసియా సంతతి. ఒక రాజు, ఒక యాత్ర, ఒక వడగళ్ళ వాన అన్న కథ ఆ 14 మందికి చెల్లదు. మిగిలిన 23 మంది కూడా ఒకేసారి పోయినవారు కారని తేదీలు చెప్పాయి. మెచ్చవలసింది పరిశోధకుల నిగ్రహం. గ్రీకు ప్రాంతాలవారిని పోలిన ఆ 14 మంది అంత ఎత్తుకు ఎందుకు వచ్చారో చెప్పలేమని ఒప్పుకున్నారు, వారికి ఏ పేరూ అంటగట్టలేదు.

4. భట్టిప్రోలు, నాగార్జునకొండ: విభక్తి చెప్పిన సాక్ష్యం

పేరు లేకపోవడమే ఇంతవరకు చిక్కుగా కనిపించింది. పేరు రాసి ఉంటే చిక్కు తీరుతుందా? ఆంధ్రదేశంలో ఈ ప్రశ్నను భట్టిప్రోలు నిలబెట్టింది.

1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వి మూడు రాతి మంజూషలను వెలికితీశాడు. వాటి లోపల స్ఫటిక కరండాలు, బంగారు పూలు, ముత్యాలు, ఎముక శకలం ఉన్నాయి. మంజూషల అంచులపై బ్రాహ్మీలిపి భేదంలో ప్రాకృత శాసనాలున్నాయి. బ్యూలర్ వాటిని చదివి ప్రకటించాడు. బుద్ధుని శరీరాలను ఉంచడానికి కురుడు, అతని తల్లిదండ్రులు మంజూషను, స్ఫటిక సముద్గాన్ని చేయించారని ఒక శాసనం తెలుపుతుంది. “శరీర” శబ్దం బహువచనంలో అవశేషాలకు పర్యాయమైంది. శాసనంలోని “మజుస” తెలుగులో మందసమైంది. ఒక మంజూషపై కుబిరక రాజు పేరుంది, గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి.

అవశేషం ఎవరిదో రాతిపైన చెక్కి ఉంది కాబట్టి వెర్గీనాకు లేని భాగ్యం భట్టిప్రోలుకు దక్కిందనిపిస్తుంది. కాని ఆ శాసనాలు బుద్ధుని నిర్యాణానికి శతాబ్దాల తరువాతివి. కురుడు ఆ ఎముకను చూశాడు, బుద్ధుణ్ణి చూడలేదు. శాసనం నిశ్చయంగా రుజువు చేసేది క్రీ.పూ. కృష్ణాతీరంలోని దాతలు ఆ ఎముకను బుద్ధునిదిగా నమ్మారని. చరిత్రకారుడికి అది చిన్న సంగతి కాదు. కుబిరకుడు, కురుడు, గోష్ఠి సభ్యులు, మహిళా దాతలు, నందపురం వంటి ఊళ్ళు అక్కడినుంచే మనకు దక్కాయి. చనిపోయినవాని పెట్టె బతికినవారి జాబితాగా మిగిలింది. భట్టిప్రోలు అవశేషాన్ని 1920లో కలకత్తాలోని ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించినప్పుడు, శాసనంలోని విశ్వాసం మళ్ళీ ఎముకకు తోడైంది, దాతల పేర్లు మాత్రం పురావస్తు గ్రంథాల్లో ఉండిపోయాయి.

నాగార్జునకొండలో వివాదం ఇంకా సూక్ష్మమైనది. లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య అక్కడ జరిపిన తవ్వకాల్లో మహాచైత్యం నుంచి వెండి కరండంలోని చిన్న బంగారు భరిణెలో ఎముక తునక దొరికింది. తరువాత అది సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. మహాచైత్యాన్ని ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి కట్టించిందని అక్కడి స్తంభ శాసనాలు చెబుతాయి. ఆ శాసనాల్లో బుద్ధుని విశేషణాల వరుస చివర “ధాతువర పరిగహితస” అనే పదముంది. ధాతువర అంటే శ్రేష్ఠమైన ధాతువు. దీన్ని చైత్యానికి అన్వయిస్తే “బుద్ధుని శ్రేష్ఠ ధాతువును కలిగిన చైత్యం” అన్న అర్థం వస్తుంది, బంగారు భరిణెలోని తునక బుద్ధునిదే అవుతుంది.

అయితే విశేషణం షష్ఠీవిభక్తిలో ఉంది. విశేషణం తన విభక్తిలోని విశేష్యానికే చెందుతుందన్నది వ్యాకరణం తొలి పాఠాల్లో ఒకటి. ఇక్కడ షష్ఠిలో ఉన్న విశేష్యం బుద్ధుడు. చైత్యం కాదు. ఈ సంగతి గమనించిన ఫోగెల్ ధాతువర శబ్దానికి నిర్వాణమని అర్థం చెప్పి, ఎముకను శాసనంలోంచి తొలగించాడు. 1988లో గ్రెగరీ షోపెన్ ఫోగెల్ విభక్తి విచారణను ఒప్పుకుంటూ అర్థాన్ని కాదన్నాడు. ధాతువు ధాతువే, అయితే దానిలో ఉన్నవాడు బుద్ధుడు. అవశేషం బుద్ధునికి చెందిన వస్తువు కాదు, అందులో బుద్ధుడే సజీవంగా నెలకొని ఉన్నాడని ఆనాటివారి భావన అని అతని వ్యాఖ్యానం.

షోపెన్ పఠనం ఈ చర్చకు చేసిన ఉపకారం ఉంది. ఎముక ఎవరిదన్న ప్రశ్నను అది ఎముక వారికి ఏమిటన్న ప్రశ్నగా మార్చింది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి శాసనానికి లేదు, రెండవదానికి శాసనం తప్ప సాక్షి లేదు. వెర్గీనాపై నాలుగు దశాబ్దాలకు పైగా వెచ్చించిన శ్రమలో ఈ రెండవ ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. కాలిన ఎముకలను కడిగి, ఊదారంగు బంగారు వస్త్రంలో చుట్టి, పెట్టెలో పేర్చిన చేతులు ఆ చనిపోయినవారిని ఏమనుకున్నాయో తెలుసుకోవడానికి పేరుతో పనిలేదు.

5. పేరు లేనిచోట

పేరు ఇచ్చే పత్రమూ శాసనమూ రెండూ లేనిచోట జనం ఊరుకోలేదు. తెలుగునాట ఊళ్ళ అంచుల్లో కనిపించే బృహత్ శిలాసమాధులు రాకాసి గుళ్ళయ్యాయి, పాండవుల గుళ్ళయ్యాయి. అంతటి బండలను మామూలు మనుషులు ఎత్తలేరన్నది ఆ పేర్లలోని తర్కం. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట వద్ద తవ్విన సమాధిపై కప్పురాయి 40 టన్నులకు పైబడినదే. అక్కడి ఎముకల నమూనాలనూ డీఎన్ఏ పరీక్షకై సీసీఎంబీ శాస్త్రజ్ఞులు సేకరించారు. రాకాసి అన్న పేరును పురాణగాథ అని తోసివేసే పరిశోధకులు, ఫిలిప్పు అన్న పేరు వెనుకా ఇటువంటి తర్కమే ఉందని గమనించాలి. ఇంత బంగారం మామూలు మనిషిది కాజాలదు, కాబట్టి తెలిసిన పేర్లలోకెల్లా పెద్ద పేరు.

జుర్రేరు లోయలో ఇంకో విచిత్రం జరిగింది. అక్కడ సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద మందపు పొరగా ఉంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం ఆ పొరకు పైనా కిందా రాతి పనిముట్లు ఉన్నాయని చూపింది. అవి ఆధునిక మానవులు చేసినవై ఉండవచ్చునని 2007లో ప్రతిపాదించింది, ఆఫ్రికాలోని పనిముట్లతో పోలికను ఆధారం చేసుకుంది. ఆధునిక మానవులు ఇక్కడికి అంత ముందుగా రాలేదని 2013లో పాల్ మెల్లార్స్ బృందం ఎదురువాదం చేసింది. పనిముట్లున్న ఆ పొరల్లో మనిషి ఎముక లేదు. కపాలపు ముక్కలు దొరికిన చరియ వేరు, వాటి కాలం దాదాపు యాభై వేల ఏళ్ళు తరువాతిది. ఎముకకు వ్యక్తి పేరు వెతకడం వెర్గీనా చిక్కైతే, ఎముకే లేనిచోట మనిషి జాతి పేరు నిర్ణయించడం ఇక్కడి చిక్కు. కాదనగలిగిన ఒకే ఒక్క సాక్షి ఈ వివాదంలో హాజరు కాలేదు.

ఆ సాక్షి ఇంకా నేలలోనే ఉండవచ్చు. అయితే జ్వాలాపురం బూడిదకు అంగడి విలువ ఉంది. పాత్రలు తోమే పొడి వంటివాటికని దాన్ని తవ్వి తరలిస్తున్నారు. బూడిద పొరతోపాటు దాని పైనా కిందా ఉన్న మట్టి కూడా చెదురుతుంది. చెదిరిన మట్టిలోంచి రేపు దంతమో దవడో బయటపడినా, అది తోబాకు ముందుదో తరువాతిదో చెప్పే వీలుండదు.